చేదోడువాదోడు

“నువ్వెలాగూ ఖాళీయే కదా,” అన్నాడు ఆయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఆ మాట అన్నప్పుడు ఆమె ఏం చేస్తోందో చెబితే నవ్వుతారు. చేతులతో ఆయన లంచ్ డబ్బా మూత బిగిస్తోంది, కాలితో గట్టు కింద కారిన నీళ్ళ మీద గుడ్డ తిప్పుతోంది, పాలు పొంగుతాయేమోనని ఒక కన్ను పొయ్యి మీద వేసి ఉంచింది, మధ్యలో ఆయన కర్చీఫ్ బీరువాలో రెండో అరలో ఎడం పక్కన ఉందని మూడోసారి చెబుతోంది. అంత ఖాళీ అన్నమాట!

విషయమేమిటంటే, ఆయన పెద్దమ్మ, అంటే చనిపోయిన అత్తగారి సొంత అక్క, బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనైతే చేశారు గానీ ఇక లేచి తిరగడం కష్టమని చెప్పేశారు. ఆవిడకి పిల్లల్లేరు, ఇన్నాళ్ళూ ఆయన చెల్లెలింట్లో ఉండేది. ముందురోజు సాయంత్రం ఆడపడుచు ఫోన్ చేసి, “వదినా, నాకేమో స్కూలు. ఒక్కరోజు సెలవంటేనే మా హెడ్‌మిస్ట్రెస్ నన్ను నమిలేస్తుంది. నీదైతే అలవాటైన చెయ్యి. అమ్మకి ఎంత బాగా చేశావో మేమంతా చూశాంగా,” అంది. చూసింది నిజమే. నెలకోసారి వచ్చి, గుమ్మంలో నిలబడి, పైటచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని చూసి వెళ్ళేది.

“ఈ ఆదివారం కాక వచ్చే ఆదివారం తీసుకొస్తారు. పక్కగదిలో అమ్మ మంచం ఉండనే ఉంది,” అని ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె వెళ్ళి పక్కగది గుమ్మంలో నిలబడింది. అత్తగారు పోయి ఎనిమిది నెలలైంది. డెట్టాల్ వాసన పోవడానికే మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత ఒకరోజు ఎందుకో ఒక కుర్చీ తెచ్చి అక్కడ కిటికీ పక్కన వేసుకుంది. మధ్యాహ్నం పూట ఒక అరగంట అందులో కూర్చుంటుంది. ఏమీ చెయ్యదు. కింది సందులో ఇస్త్రీ చేసే ఆవిడని చూస్తుంది, ఎదుటి డాబా మీద ఆరేసిన బట్టలు చూస్తుంది, అంతే. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆమె తనకోసం కట్టుకున్న ఇల్లు ఏదైనా ఉందీ అంటే అది ఆ కుర్చీ. ఇప్పుడది తీసెయ్యాలి. లేకపోతే మంచం చుట్టూ తిరగడానికి దారుండదు.

అత్తగారికి పక్షవాతం వచ్చినప్పుడు తనకి ముప్ఫై ఏడు. ఇప్పుడు నలభై నాలుగు. పెద్దత్తయ్య గుండె గట్టిది, డాక్టరు కూడా అన్నాడట, ఈవిడకి ఇంకో పదేళ్ళు ఢోకా లేదని. అందరూ సంతోషించారు. తనూ సంతోషించింది, ఆవిడ మంచి మనిషి. ఆ వెనకాలే నలభై నాలుక్కి పది కలిపి చూసుకుంది. నేను మనిషినేనా, ఒక ముసలావిడ బతుకుతుందంటే దిగులు పడుతున్నానే అని తనని తనే తిట్టుకుంది. తిట్టుకున్నా దిగులు పోలేదు.

తలనొప్పి మాత్ర కోసం మెడికల్ షాపుకి వెళ్ళినప్పుడు ఆ కాగితం కనిపించింది. అద్దానికి అంటించి ఉంది: ‘రోగుల సహాయకులు కావలెను. పదవ తరగతి చాలును. పగటి డ్యూటీ.’ షాపాయన మాత్ర ఇస్తూ, “ఏమ్మా, బొత్తిగా నల్లపూసైపోయారు?” అన్నాడు. ఏడేళ్ళపాటు గ్లవ్సూ, డైపర్లూ, మంచాన ఒరిసి పుళ్ళు పడకుండా పౌడరూ ఆయన దగ్గరే కొంది. లోకంలో ఆమె ఏం చేసిందో తెలిసిన మగవాడు ఎవరైనా ఉన్నాడంటే ఆయనే.

పగటి డ్యూటీ. ఆ రెండు మాటలూ పట్టుకుని ఇంటికొచ్చింది. అంటే సాయంత్రం కాగానే అయిపోతుందన్నమాట! ఆ పనే, ఆ పక్కబట్టలే, ఆ వాసనే, కానీ దానికొక గడియారం ఉంటుంది. ఎలాగూ ఆ పనే చేయాల్సి వస్తే గడియారం ఉన్నచోట చేస్తే ఏం? తను పగలు ఇంట్లో ఉండనని తేలితే వాళ్ళే ఇంకో దారి చూసుకుంటారు కదా. చూసుకోకపోతే? ఆ ప్రశ్నని డబ్బాలో పెట్టి మూత బిగించేసింది. చేతిలో పది రోజులున్నాయి.

పదో తరగతి సర్టిఫికెట్టు ట్రంకుపెట్టె అడుగున దొరికింది. మొదట పెద్ద ఆసుపత్రికి వెళ్ళింది, ఏడంతస్తులదానికి. ఆయన ఆఫీసుకి వెళ్ళాక బయల్దేరి, ఆయన వచ్చేలోగా ఇంట్లో ఉండాలి. దొంగతనానికి వెళ్ళినట్టే ఉంది. అక్కడ కౌంటర్లో అమ్మాయి చెవిలో వైరు తియ్యకుండానే, “వయసెంత ఆంటీ?” అంది. చెప్పింది. “ముప్ఫై అయిదు దాటితే తీసుకోం.” అంతే, అర నిమిషం. బస్సులో రావడానికి గంటన్నర పట్టింది. నీ వయసైపోయిందని చెప్పించుకోవడానికి ఊరు ఈ చివర్నుంచి ఆ చివరికి వచ్చానన్నమాట అనుకుంది.

రెండోది ఒక ఏజెన్సీ. జెరాక్స్ షాపు పక్కన మెట్లు దిగితే నేలకింద గది. అక్కడాయన మాత్రం ఎంతో మర్యాదగా కూర్చోమన్నాడు. అనుభవం ఏమిటని అడిగాడు. “ఏడేళ్ళండీ.”

“అబ్బో! ఎక్కడ?”

“ఇంట్లో. మా అత్తగారికి.”

ఆయన మొహంలో దీపం ఆర్పేసినట్టయింది. “అది అనుభవం కాదమ్మా. అది... ఇంటి సంగతి. ఫారంలో ఫ్రెషర్ అని రాయండి.” రాసింది. నలభై నాలుగేళ్ళకి ఫ్రెషర్! నవ్వొచ్చింది కూడా. అయితే డ్యూటీ సంగతి అడిగితే, పేషెంటు ఇంట్లోనే ఇరవై నాలుగ్గంటలూ ఉండాలన్నాడు. “భోజనం వాళ్ళే పెడతారు, ఆ గదిలోనే ఓ పక్కన పడుకోవచ్చు. మీ ఇంట్లో మనిషిలాగే చూసుకుంటారు.” ఆమె లేచి నిలబడింది. ఇంట్లో మనిషిలాగా! ఇంకేమైనా చెబితే ఆలోచించేదేమో గానీ, ఆ మాట విన్నాక మెట్లెక్కి పైకొచ్చేసింది.

అలా కాళ్ళరిగేలా తిరిగింది. ఒకచోట ఇంగ్లీషు రావాలన్నారు, ఒకచోట మీ ఆయన్ని తీసుకురమ్మన్నారు, ఒకచోట పోస్టు నిన్ననే అయిపోయిందన్నారు. ఎక్కడికి వెళ్ళినా కాగితం మీద ఒక గడి ఉంటుంది, అందులో ‘అనుభవం’ అని ఉంటుంది, ఏడేళ్ళు తెచ్చి ఆ గడిలో పెట్టబోతే పట్టదు. ఇంట్లోనేమో ఆయన పెద్దమ్మ కోసం వాటర్ బెడ్ ఎక్కడ దొరుకుతుందో ఫోన్లో వాకబు చేస్తున్నాడు. ఆదివారం దగ్గర పడుతున్న కొద్దీ ఆమెకి ముద్ద దిగడం మానేసింది.

గురువారం వెళ్ళినది వృద్ధుల నర్సింగ్ హోమ్. అక్కడ వయసు అడగలేదు. పొట్టిగా, జుట్టు బిగించి ముడేసుకున్న హెడ్ నర్సు ఆరుగురిని ఒక గదిలోకి తీసుకెళ్ళింది. మిగతా అయిదుగురూ కూతురి వయసు పిల్లలు. మంచం మీద రబ్బరు బొమ్మ పడుకుని ఉంది, నిలువెత్తు మనిషంత, నోరు కొద్దిగా తెరిచి. “పేషెంటు మంచం మీద ఉండగానే కింద దుప్పటి మార్చాలి. ఒక్కొక్కరూ రండి,” అంది హెడ్ నర్సు.

ముందు పిల్లలు చేశారు. ఒకమ్మాయి బొమ్మ చెయ్యి పట్టుకుని లాగితే భుజం దగ్గర కిర్రుమంది. ఆమె వంతు వచ్చింది. చేతులు కడుక్కుంది, రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని వెచ్చబెట్టుకుంది, మంచం మీదకి వంగింది. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టింది. అప్పుడు ఆమెకి తెలియకుండానే నోట్లోంచి మాట వచ్చేసింది.

“అత్తయ్యా, కొంచెం ఇటు తిరుగుదామా. అయిపోయింది, అయిపోయింది. ఇంకొక్క నిమిషం.”

గది గదంతా గొల్లుమంది. ఒక పిల్లయితే నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. ఆమెకి తల కొట్టేసినట్టయింది. రబ్బరు బొమ్మని పట్టుకుని అత్తయ్యా అంటావా, ఇంకెవరిస్తారే నీకు ఉద్యోగం! అయినా చేతులు ఆగలేదు. అవి వాటి పని అవి చేసుకుపోయాయి. పాత దుప్పటి సగం చుట్టడం, కొత్తది వెనకే పరుచుకు రావడం, ముడత లేకుండా అరచేత్తో రాయడం, చివర్లో తలకింద దిండు సర్ది నుదుటి మీద లేని జుట్టు పక్కకి తోయడం.

నవ్వనిది హెడ్ నర్సు ఒక్కతే. అందర్నీ పంపించాక, “ఎన్నేళ్ళు చేశావు?” అంది.

“ఏడండీ. ఇంట్లోనే.” గబగబా, “అది లెక్కలోకి రాదని తెలుసండీ,” అని కూడా చేర్చింది.

“పుండు పడిందా ఎప్పుడైనా ఆవిడకి?”

“ఒక్కసారి కూడా లేదండీ.”

హెడ్ నర్సు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “ఏడేళ్ళలో పుండు పడకపోవడం మా దగ్గరే జరగదు. ఆ బొమ్మతో మాట్లాడింది ఇన్నేళ్ళలో నువ్వొక్కదానివే. ఇలా చెయ్యి. మీ అత్తగారిని నువ్వే చూసుకున్నావని వాళ్ళ కొడుకు చేత ఒక ఉత్తరం రాయించి సంతకం పెట్టించుకురా. శనివారం కమిటీకి చూపిస్తాను. అనుభవం కింద తీసుకుంటే నేరుగా పోస్టే. లేకపోతే ఫ్రెషర్ల బ్యాచి, మూడు నెలలు ట్రైనింగు, జీతం ఉండదు, ఆ తర్వాత కూడా ఖాయమని చెప్పలేను.”

ఆ సాయంత్రం బస్సులో సీటు దొరక్కపోయినా ఆమెకి కాళ్ళు నొప్పి పుట్టలేదు. ఒక్క ఉత్తరం! అందులోనూ ఆయన ఉద్యోగమే ఉత్తరాలు రాయడం. ఆఫీసులో ఎవరికే ఉత్తరం కావాలన్నా ఆయన దగ్గరికే వస్తారు. “నా డ్రాఫ్టులో కామా తియ్యడానికి కూడా పై ఆఫీసరుకి ధైర్యం చాలదు,” అని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాడు.

ఆయన గొడవ చేస్తాడనుకుంది. చెయ్యలేదు. మొదట కాస్త నవ్వాడు, “నీకెందుకొచ్చిన తిప్పలు, పెద్దమ్మ వస్తుంటే,” అన్నాడు. ఆమె, “ఊరికే, ఒకసారి చూద్దామనండీ,” అంది. ఉత్తరం అనేసరికి ఆయనకి హుషారొచ్చింది. కళ్ళజోడు పెట్టుకున్నాడు, తెల్లకాగితం తీసుకున్నాడు, మంచి పెన్ను వెతికించుకున్నాడు. అరగంట రాశాడు, రెండుసార్లు చింపాడు. పూర్తయ్యాక నిలబడి మరీ చదివాడు.

“‘సంబంధిత వారికి. మా మాతృమూర్తి పక్షవాతముతో మంచమున ఉన్న ఏడు సంవత్సరముల కాలము ఆమె ఆలనాపాలనా సమస్తము నేను స్వయముగా చూసుకొనియున్నాను. సదరు కాలమున నా భార్య నాకు చేదోడువాదోడుగా ఉండినదని ధ్రువీకరించుచున్నాను.’ ఎలా ఉంది?”

ఆమె ఆ కాగితంలోకి తొంగి చూసింది.

“చేదోడువాదోడుగానా?” అంది.

“ఆ! పడిందా లేదా మాట? ఇప్పటి వాళ్ళెవరికీ రాదది.”

“కాదండీ... చూసుకున్నది... నేను అని రాస్తే...”

ఆయన కాగితం కిందికి దించాడు. మొహంలో కోపం లేదు, అదే కష్టమైపోయింది. నిజంగా అర్థంకానట్టు చూశాడు. “ఏం, మా అమ్మని నేను చూసుకోలేదా? ఎక్కడైనా పడేశానా? చెల్లెలింటికి పంపానా? ఏడేళ్ళు రోజూ పొద్దున్నే అమ్మ మొహం చూడకుండా ఆఫీసుకి వెళ్ళానా?”

వెళ్ళలేదు. రోజూ చొక్కా ఇస్త్రీ నలక్కుండా గుమ్మంలో నిలబడి, “అమ్మా, ఎలా ఉన్నావే?” అని అడిగేవాడు. గుమ్మం దాటితే వాసన పడదు. మందులు రాయించుకొచ్చేవాడు, పోయినప్పుడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వచ్చినవాళ్ళంతా, “ఈ రోజుల్లో ఇలా చూసుకునే కొడుకేడీ!” అని ఆయన భుజం తట్టారు. ఆ పక్కనే ఆమె వాళ్ళందరికీ టీలు అందిస్తోంది. ఆయన అబద్ధం రాయలేదు. ఆయనకి అదే నిజం. అది తెలిసేసరికి ఆమెకి కోపం కూడా రాలేదు. అబద్ధమైతే పోట్లాడొచ్చు. నిజమని నమ్మినవాడితో ఏం పోట్లాడుతుంది?

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “అలా అనకే. నా ప్రాణం అమ్మంటే.”

“లేదులెండి,” అంది ఆమె. “మీరే చూసుకున్నారు.”

తన నోటితో తనే అంది ఆ మాట. అని, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోముతూ ఏడ్చింది. ఆయన మీద కాదు, తన నోటి మీద తనకే అసహ్యం వేసింది.

శనివారం హెడ్ నర్సు ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. “ఇది మీ ఆయనకి ఉద్యోగం ఇప్పించే ఉత్తరంలా ఉందమ్మా. ఆయన్ని రమ్మను, రేపే చేర్చుకుంటాను.” ఇద్దరూ నవ్వారు. నవ్వు మధ్యలో ఆమె పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది. హెడ్ నర్సు మంచినీళ్ళ గ్లాసు జరిపి, తన చేతిలో ఇంకేమీ లేదని చెప్పింది. ఉత్తరం మడిచి వెనక్కిచ్చేసి కొత్త ఫారం ముందు పెట్టింది. ఆమె పేరు రాసింది, వయసు రాసింది, అనుభవం గడి దగ్గర కొంచెంసేపు ఆగి ‘ఫ్రెషర్’ అని రాసింది. సోమవారం ఎనిమిదింటికల్లా రావాలి, ఒక్క నిమిషం ఆలస్యమైనా పేరు కొట్టేస్తారు.

ఇంట్లో చెబితే ఆయన, “చూద్దాంలే,” అన్నాడు. ఆ ఇంట్లో చూద్దాంలే అంటే లేదు అని. ఫ్రిజ్ మార్చడం కూడా ఆరేళ్ళుగా చూద్దాంలే.

ఆదివారం పెద్దత్తయ్యని దింపారు. ఆడపడుచు గుమ్మందాకా వచ్చి, “అమ్మయ్య, ఇక నాకు నిశ్చింత వదినా!” అని వాటేసుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. కుర్చీ బాల్కనీలోకి పోయింది. పక్క వేస్తుంటే పెద్దత్తయ్య ఆమె చెయ్యి పట్టుకుని, “మళ్ళీ నీ నెత్తినే పడ్డానే తల్లీ,” అంది. ఆమె తల వంచుకుని, రేపటినుంచి తను పగలు ఉండనని, ఉండాలో వద్దో కూడా తెలియడం లేదని చెప్పేసింది. పెద్దత్తయ్య ఆమె చెయ్యి వదిలి దుప్పటి సర్దుకుంది. “ఎవరు తిప్పితే ఏమిటే నాకు. మెల్లగా తిప్పితే చాలు,” అంది.

సోమవారం అయిదింటికి లేచింది. పెద్దత్తయ్యకి ఒళ్ళు తుడిచింది, బట్టలు మార్చింది, వంట చేసి తినిపించింది, ఏడింటికి కుడివైపుకి తిప్పి వెనక దిండు పెట్టింది. చీర మార్చుకుని చెప్పులు వేసుకుంటుంటే ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

“ఎక్కడికి?”

“ట్రైనింగుకండీ. చెప్పాను కదా.”

“చెప్తే? పెద్దమ్మని ఎవరు చూస్తారు?”

“తొమ్మిదింటికి ఎడంవైపుకి తిప్పాలి. పదకొండుకి మళ్ళీ ఇటు. మధ్యలో బెడ్‌పాన్ పెట్టాలి. ఏ మందు ఎప్పుడో డబ్బా మీద రాశాను.”

“నీకేమైనా మతి పోయిందా? నాకేం వచ్చు ఇవన్నీ? నేనెప్పుడైనా చేశానా?”

అనేశాడు. ఏడేళ్ళుగా ఆ మాట కోసం కాచుకుని కూర్చున్నట్టు ఆమె చెవులు రింగుమన్నాయి. కానీ గెలిచినట్టేమీ అనిపించలేదు. వెనకనుంచి పెద్దత్తయ్య దగ్గుతోంది, ఆ దగ్గు విని మనసు అటే లాగుతోంది. సాయంత్రం వచ్చేసరికి ఆవిడ ఏ తడిలో ఉంటుందో. ఆయన ఈ మూడు నెలల్లో ఏ రోజైనా తలుపు వేసి పొమ్మంటే పోవడానికి చోటు కూడా లేదు. ఇవన్నీ తెలుసు. టైము ఏడూ పది, బస్సు ఏడుంబావుకి. అదీ తెలుసు.

సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన విప్పి చూశాడు. తన రాతే, తన సంతకమే.

“ఏడేళ్ళు స్వయంగా చూసుకున్నారు కదా, మీరు చూసుకుంటూ ఉండండి,” అంది ఆమె, తలుపు గడియ తీస్తూ. “సాయంత్రం వచ్చాక నేను చేదోడువాదోడుగా ఉంటాను.”